ఇంగ్లాండు బూజుకర్ర

మా ఇంట్లో బూజు దులిపే కర్రకు పుట్టిల్లు ఇంగ్లాండు. ఇబ్రహీంపట్నంలో ఇంకెవరింట్లోనైనా అలాంటిది ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే ఆ ఇల్లాలు కూడా నాలాగే నోరు మూసుకుని ఉండి ఉంటుంది. ఎందుకంటే అది అసలు బూజుకర్ర కాదు, గాలపు కర్ర. అదీ మామూలు గాలం కాదట, ఈగల గాలమట. కోడి ఈకలతో కట్టిన దొంగ ఈగను నీళ్ల మీద వాలేలా విసిరితే చేప దాన్ని నిజం ఈగ అనుకుని మింగుతుందట. ఈ 'అట'లన్నీ మా ఆయనవి.

మా ఆయన రిటైరైన బస్సు కండక్టరు. ఉద్యోగమంతా ఇబ్రహీంపట్నానికీ ఎల్బీనగర్‌కూ మధ్య నిలబడే గడిపాడు. రిటైరయ్యాక పొద్దస్తమానం ఇంట్లో నా వెనకే తిరుగుతూ, పప్పులో ఉప్పు ఎక్కువైందని చెబుతూ కూర్చుంటే నాకు పిచ్చెక్కింది. "జర పట్నం పోయి తిరిగి రారాదూ" అని నేనే తరిమాను. తిరిగి తిరిగి జుమ్మెరాత్ బజార్‌లో తేలాడు. పాత తాళాలు, రెక్కలు లేని ఫ్యాన్లు, ఎవరి తాతలవో ఫొటోలు కుప్పలు పోసి అమ్మే సంత అది. అక్కణ్ణుంచి ఒక పొడుగాటి గుడ్డ సంచి చంకలో పెట్టుకుని, పసిబిడ్డను తెచ్చినట్టు మెల్లగా ఇంట్లోకి వచ్చాడు. సంచిలో మూడు కర్ర ముక్కలు, ఒక ఇత్తడి చక్రం ఉన్నాయి.

"గిదేంది?" అన్నాను.

"వెదురు" అన్నాడు ఏదో బంగారం అన్నట్టు.

"వెదురు బొంగు కోసం పట్నం దాక పోవాల్నా? మన దిక్కు వెదుర్లకు ఏం రోగమొచ్చింది?"

నాకు నవ్వు రావడానికి ఇంకో కారణం ఉంది. మాది రావిర్యాల, చేపలు పట్టే ఇల్లు. మా బాపు వల విసిరితే అది చెరువు మీద గుండ్రంగా పరుచుకునేది. చేప కావాలంటే వల వేయాలి. గాలం పట్టుకుని గట్టు మీద కూర్చునేవాళ్లను మా వాళ్లు పనిలేనివాళ్ల కింద జమకట్టేవారు. అలాంటి ఇంటి పిల్లనైన నాకు, చేపముల్లు తీసుకోవడం కూడా సరిగ్గా రాని మొగుడు గాలపు కర్ర తెచ్చి చూపిస్తున్నాడు.

రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే ఆయన కార్యక్రమం మొదలయ్యేది. నేల మీద పేపరు పరిచి, సంచి తాళ్లు విప్పి, మూడు ముక్కలూ ఒకదాంట్లో ఒకటి దూర్చి నిలబెట్టేవాడు. అతుకుల దగ్గర ఇత్తడి గొట్టాలు ఎంత బిగువంటే విడదీసేటప్పుడు 'టప్' మని చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినడానికే మళ్లీ మళ్లీ కలిపి విడదీసేవాడేమోనని నా అనుమానం. పాత మెత్తటి బనియన్ గుడ్డతో కొన నుంచి పిడి దాకా తుడిచేవాడు. తుడుస్తూ నాకు పాఠం చెప్పేవాడు.

"ఇది ఒక్క బొంగు కాదే. ఆరు బద్దలు. ఒక్కోటి కొసకు పోయేకొద్ది సన్నగ చెక్కి, ఆరింటినీ కలిపి అతికిచ్చిండ్రు. గీ గణుపులు చూడు, ఒకదాని పక్కన ఒకటి రాకుండ జరిపిండ్రు. పక్కపక్కన వస్తె ఆడనే ఇరుగుతది."

"మరి చేప పట్టుడు ఎప్పుడు?"

"ముందు చూడు. చూసుడు గూడ ఒక పనే."

చూశాను. చూడాల్సిన వస్తువే మరి. కాచిన నెయ్యి రంగులో ఉంది వార్నిష్. దారం పోయే ఉంగరాలను కర్రకు పట్టు దారంతో కట్టారు. ఒక చుట్టు పక్కన ఇంకో చుట్టు, సందు లేకుండా, ముడి ఎక్కడుందో కనబడకుండా. ఒకప్పుడు ఎరుపు కావచ్చు, ఇప్పుడు దానిమ్మ తొక్క రంగుకు వచ్చింది. పిడి పైన సిరాతో ఎవరో చేత్తో రాసిన అక్షరాలు సగం చెరిగిపోయాయి. ఆయన భూతద్దం పెట్టి రోజూ చదివేవాడు, ఏ రోజూ చదవలేకపోయేవాడు. నేను పైకి వెక్కిరించినా, ఆ పట్టు చుట్లు చూసినప్పుడల్లా ఎవరి చేతులోగానీ మంచి చేతులు అనుకునేదాన్ని.

ఇక బూజు సంగతి. దసరాకు ఇల్లు దులుపుతున్నాను. మా మామూలు వెదురు బొంగు బరువుకు భుజాలు పడిపోతున్నాయి. ఆయన ఏదో పెళ్లికి తుర్కయాంజాల్ పోయాడు. గోడ మీద మేకులకు ఇంగ్లాండు వెదురు దర్జాగా పడుకుని ఉంది. దించాను. ముక్కలు కలిపాను. కొనకు మెత్తటి గుడ్డ కట్టాను. అంతే.

అబ్బ, ఏం చెప్పను! చేతిలో కర్ర ఉన్నట్టే లేదు. చెయ్యి ఇక్కడ ఆగింది, కొన మాత్రం ఇంకో బెత్తెడు ముందుకు పోయి, దూలం వెనక ఉన్న బూజును అందుకుని వెనక్కి వచ్చింది. బలం పెట్టాల్సిన పనే లేదు. మణికట్టు అలా ఒక్కసారి ఆడించి ఠక్కున ఆపితే మిగతాది అదే చూసుకుంటుంది. ఆపకుండా ఊపితే మాత్రం బూజంతా నెత్తి మీదికి వస్తుంది. ఈ కిటుకు తెలిశాక ఇల్లంతా అయిపోయినా నాకు ఆపబుద్ధి కాలేదు. బూజు లేని మూలలు కూడా దులిపాను. ఆయన రోజూ చెప్పేదాంట్లో అబద్ధం ఏమీ లేదని ఆ రోజు ఒప్పుకున్నాను, మనసులోనే.

పక్కింటి ఖాలా కిటికీలోంచి చూసి, "జర నాక్కూడ ఇయ్యి బేటీ" అంది. రంజాన్‌కు ముందు వాళ్లిల్లు కూడా ఇంగ్లాండు కర్రతోనే శుభ్రమైంది. ఇద్దరం ఒట్టు పెట్టుకోలేదుగానీ, ఎవరికీ చెప్పకూడదన్నది ఇద్దరికీ తెలుసు. కనీసం నేను అలా అనుకున్నాను.

ఇంతలో ఆయన ఫోన్లో ఒక గ్రూపులో చేరాడు. పాత గాలపు కర్రల పిచ్చి ఉన్నవాళ్ల గుంపు అది. ఎక్కడెక్కడి వాళ్లో, కర్రల ఫొటోలు పెట్టుకుని 'ఆహా' అనుకుంటూ ఉంటారు. అందులో మా ఆయన్ను 'సార్' అంటారు. బస్సులో అంతకాలం 'ఓ కండక్టర్', 'ఏయ్ చిల్లర' అనిపించుకున్న మనిషికి ఆ 'సార్' ఎంత రుచించిందో నాకు తెలుసు. ఫోన్ చూసినప్పుడల్లా ఆ మొహం వెలిగేది. నాకూ సంతోషంగానే ఉండేది, అబద్ధమెందుకు.

ఆ ఏడు వానలు దంచికొట్టి మా పెద్ద చెరువు నిండింది. ఎన్నో ఏళ్లు ఎండి, పిల్లలు క్రికెట్ ఆడుకున్న చెరువు అలుగు దూకింది. ఊరంతా గట్టు మీదే ఉంది. గ్రూపులోవాళ్లు వదులుతారా? "సార్, చెరువు నిండిందట కదా, ఏం పట్టారు?" అని ఒకటే అడగడం. నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. ఐదో రోజు బజారుకు పోయి ఒక కొర్రమట్టను కొనుక్కొచ్చి, కర్ర పక్కన పడుకోబెట్టి ఫొటో తీసి పంపించాడు. ఆ తర్వాతే నాకు చూపించాడు.

"ఓ మనిషీ, చేపకు పొలుసేది?" అన్నాను.

బజార్లో పొలుసు గీకించి, పొట్ట కోయించి, శుభ్రంగా కడిగించి మరీ తెచ్చాడు. చెరువులోంచి పులుసుకు సిద్ధంగా బయటికొచ్చిన చేప లోకంలో అదొక్కటే. ఆయన మొహం పాలిపోయింది. కానీ గ్రూపులో అందరూ 'అద్భుతం సార్', 'మహా వేటగాడు' అని మెచ్చుకున్నారు. పొలుసు సంగతి ఒక్కరూ అడగలేదు. ఆ గుంపులో చేపను నీళ్లలోంచి తీసినవాడే కాదు, వండినవాడు కూడా లేడని నాకు అప్పుడే తేలిపోయింది.

కార్తీకంలో ఒకరోజు తుర్కయాంజాల్ నుంచి ఆ గ్రూపులో ఒక పెద్దమనిషి స్కూటరు మీద మా ఇంటికి వచ్చాడు. బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరైనవాడు. మంచి మనిషి. కర్రను చేతిలోకి తీసుకునే ముందు చేతులు కడుక్కుని వచ్చి, కండువాతో తుడుచుకున్నాడు. గణుపులు చూశాడు, పట్టు చుట్లు చూశాడు, సిరా అక్షరాలు తనూ చదవలేకపోయాడు. మా ఆయన ఒళ్లు మరచిపోయి మాట్లాడాడు. చాయ్ తాగి గ్లాసు కింద పెడుతూ ఆ పెద్దమనిషి అన్నాడు:

"పా సార్, చెరువు కాడికి పోదాం. మీరు ఇసురుతుంటె ఒక్కసారి కండ్లార చూడాలె. అందుకే వచ్చిన."

మా ఆయన కర్రను దగ్గరికి లాక్కున్నాడు. ఆ కర్రను ఆయన ఒక్కసారి కూడా గుమ్మం దాటించలేదు. విరుగుతుందేమోనని భయం. విసరడం సంగతి దేవుడెరుగు, చక్రానికి దారం ఎక్కించడం కూడా రాదు. నా వైపు చూశాడు. చెకింగ్ వాళ్లకు దొరికిన టికెట్ లేని ప్రయాణికుడి చూపు అది. నాకు జాలేసింది. జాలేస్తే నా నోరు నా మాట వినదు.

"ఇయ్యాల కుదరదు సార్. రేపు పొద్దుగాల అయ్యప్ప మాల ఏసుకుంటుండు. చేపల జోలికి పోవద్దు గదా" అన్నాను.

బద్ధకంతో నాలుగు రోజులుగా గీయని ఆయన గడ్డం నా మాటకు సాక్ష్యం చెప్పింది. అయిపోయింది అనుకుంటున్నాను, ఆ పెద్దమనిషి లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"స్వామి శరణం! గీ ముచ్చట ముందే చెప్పాలె గదా! నేను గురుస్వామిని. ఎన్నో ఏండ్ల సంది కొండకు తీస్కపోతున్న. రేపు మీకు గుళ్లె నా చేతుల మీదనే మాల ఏస్త. మండలం దీక్ష అయి, కొండకు పోయొచ్చి, మాల తీసినంక చెరువు కాడికి పోదాం. చేపలు యాడికి పోతయ్!"

గురుస్వామి స్కూటరు మలుపు తిరిగేదాకా ఇద్దరం నవ్వుతూ చెయ్యి ఊపాం. తలుపు వేశాక మా ఆయన నా వైపు తిరిగాడు.

"ఏం జేసినవే?"

"నీ ఇజ్జత్ కాపాడిన."

"మండలం రోజులు పొద్దుగాల లేచి చన్నీళ్లు నువ్వు పోసుకుంటవా?"

మర్నాడు తెల్లారేసరికి మా ఆయన నల్ల లుంగీలో, మెడలో మాలతో, నుదుట గంధంతో ఇంటికి వచ్చాడు. వణుకుతున్నాడు. గడప దగ్గర ఆగి నన్ను చూసి, పళ్లు కొరుకుతూ, "మాతా, దారి ఇయ్యిండ్రి" అన్నాడు.

అంతే, మా సంసారం తలకిందులైంది. మాలలో ఉన్నవాడు ఆడవాళ్లందరినీ మాత అనాలి, పెళ్లాం కూడా మాతే. నేను ఆయన్ను స్వామీ అనాలి. ఆయన కోపం తెచ్చుకోకూడదు, నేను తిట్టకూడదు. ఇన్నేళ్ల కాపురంలో మా ఇంట్లో అంత మర్యాద ఎప్పుడూ లేదు. "స్వామీ, భిక్షకు రండ్రి" అంటే "మాతా, వస్తున్న" అనేవాడు. ఉల్లిపాయ లేని కూరలు వండలేక నేను, తిట్లు మింగలేక ఇద్దరం, చిక్కిపోయాం.

కానీ రోజులు గడుస్తున్నకొద్దీ ఆయన మారాడు. గురుస్వామి రోజూ సాయంత్రం గుళ్లో కలిసేవాడు, భజనలో పక్కన కూర్చోబెట్టుకునేవాడు, చెప్పుల్లేక మా ఆయన మడమలు పగిలితే రాసుకోమని కొబ్బరినూనె తెచ్చిచ్చాడు. ఒకరోజు భిక్ష దగ్గర తినకుండా కూర్చున్నాడు మా ఆయన.

"నన్ను సొంత తమ్ముని లెక్క చూస్తుండు మాతా. చెరువు కాడ నాకేం రాదని తెలిస్తె? చేప అబద్ధమైతె, మాల గూడ అబద్ధమే అనుకుంటడు."

"మాల అబద్ధమే గదా స్వామీ."

"మొదలు అబద్ధమే. ఇప్పుడు కాదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఒక్క చేప పడాలె. ఏలంతదైనా మంచిదే. ఒక్కటి పడితె, ఆ ఫొటో గూడ నిజమైనట్టే. లేకుంటె ఆ మనిషి మొకం నేను మల్ల చూడలేను" అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు నవ్వు రాలేదు. నా నోటి దూలతో వచ్చిన తంటా ఇది. కర్రను తీసుకుని మేడ మీదికి పదమన్నాను.

పట్నం నుంచి తెప్పించిన దారాన్ని ఫోన్లో వీడియో చూసి ఎలాగో చక్రానికి ఎక్కించాం. గాలం ముల్లు లేకుండా, దారం చివరి సన్నటి నైలాన్ పోగుకు పాత స్వెట్టర్ ఎర్ర ఊలు ముక్క కట్టాం. ముల్లు లేదు గనక దీక్షకు భంగం లేదని మేమే తీర్మానించుకున్నాం. ఈ గాలంలో బరువంతా దారంలోనే ఉంటుంది, ఈగకు బరువే లేదు. కర్రను వెనక్కి తీసి ఆపాలి, దారం వెనక గాలిలో పూర్తిగా విప్పుకునేదాకా ఆగాలి, అప్పుడు ముందుకు. ఆయనకు ఆగడమే రాదు. బ్రతుకంతా 'రైట్ రైట్' అన్న మనిషి. దారం తలకు, మెడకు, మాలకు చుట్టుకునేది.

"మణికట్టు ఆడియ్యిండ్రి స్వామీ. ఆపుండ్రి స్వామీ. ఆపుమంటుంటె ఆపరేంది స్వామీ!"

"మీకెట్ల ఎరుక మాతా, ఇదంత?"

నేను మాట మార్చేలోపే పక్క మేడ మీద మిరపకాయలు ఎండబెడుతున్న ఖాలా తలెత్తి చూసింది. నల్ల లుంగీ స్వామి ఎర్ర ఊలు ముక్కను ఆకాశంలోకి విసురుతున్నాడు.

"గిదేం పూజ బేటీ?" అంది. మళ్లీ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "అరే, గది మన బూజు దులిపే కట్టె గదా!" అంది.

ఆయన కర్ర వైపు చూశాడు. కొన వైపు చూశాడు. నా వైపు చూశాడు. మెడ నరాలు ఉబ్బాయి. చెయ్యి మాల మీదికి పోయింది. కళ్లు మూసుకున్నాడు.

"స్వామియే... శరణమయ్యప్ప" అన్నాడు, ఒక్కో అక్షరం నమిలి. తర్వాత కళ్లు తెరిచి, "కొనకు ఏం గట్టినవ్?" అన్నాడు. మాత, మర్యాద అన్నీ ఎగిరిపోయాయి.

"మెత్తటి గుడ్డే."

"బనియనా?"

"బనియనే."

కొంచెం శాంతించాడు. "మంచిగ అందుతదా, మూలలకు?" అని అడిగాడు. అందుతుందని చెప్పాను. ఎలా అందుతుందో, చెయ్యి ఆగాక కొన ఎలా ముందుకు పోతుందో చెప్పాను. నోరు తెరుచుకుని విన్నాడు. ఇన్నేళ్లూ తుడిచి తుడిచి చూసుకున్న వస్తువు పని చేస్తే ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు పాపం. ఆ సాయంత్రం నుంచి బుద్ధిగా నేర్చుకున్నాడు. అలకతోనే అనుకోండి.

కొండకు పోయి వచ్చాడు. మాల తీశాడు, గడ్డం గీశాడు. ఒక ఆదివారం పొద్దున గురుస్వామి స్కూటరు దిగాడు. చెరువులో చేపలు పట్టేవాళ్లు మా పుట్టింటి వైపు వరుసైనవాళ్లే, ఒక్క పూట ఏమీ అనొద్దని ముందే అడిగి పెట్టాను. ఖాలా వాళ్ల కోడిపుంజు మెడ ఈకతో మా ఆయన తనే ఒక ఈగను కట్టాడు. చూడ్డానికి ఈగలా లేదు, ఉండ చుట్టుకున్న బూజులా ఉంది. చేపల కళ్లు ఎలాంటివో మరి.

గట్టు కింద రాళ్ల మీద నిలబడ్డాడు. వెనక గురుస్వామి, పక్కన నేను. మొదటిసారి దారం తుమ్మకొమ్మకు తగులుకుంది. గురుస్వామే కొమ్మ వంచి విడదీసి ఇచ్చాడు. రెండోసారి నీళ్లలో కుప్పగా పడింది. మా ఆయన మెడ వెనక చెమట కనబడుతోంది. ఇంకో అబద్ధం తయారుగా పెట్టుకున్నాను నేను, భుజం నొప్పి అనో, గాలి ఎదురుగా ఉందనో. మూడోసారి వెనక్కి తీశాడు. ఆపాడు. ఆగాడు. నా మనసులో నేనూ ఆగాను. దారం వెనక గాలిలో తిన్నగా విప్పుకుంది, ముందుకు వచ్చింది, తుంగ పక్కన ఈగ చప్పుడు లేకుండా వాలింది.

నీళ్లు భళ్లున పగిలాయి.

ఏ చేపో కనబడలేదుగానీ పెద్దదే. ఇత్తడి చక్రం కిర్రుమని తిరిగింది, ఇంగ్లాండు వెదురు కొన నుంచి పిడి దాకా విల్లులా వంగింది. "ఇడువకు! ఇడువకు!" అని అరుస్తున్నాను నేను. "స్వామీ, పట్టుండ్రి!" అని గురుస్వామి. మా ఆయన చేపను చూడటం లేదు. వంగిన కర్రను చూస్తున్నాడు. చేప తుంగలోకి దూరింది, కర్ర ఇంకా వంగింది, అతుకు దగ్గర సన్నగా కీచుమంది.

అప్పుడు ఆయన కర్రను దించి చేప వైపు తిన్నగా చాచాడు. లాగుడంతా దారం మీద పడి, చివరి నైలాన్ పోగు టప్పున తెగింది. చెరువు మళ్లీ చెరువైపోయింది. ఆయనకు కావలసిన ఆ ఒక్క చేప పోయింది.

ఇంత చేసి, మండలం రోజులు చన్నీళ్లు పోసుకుని, చేతిదాకా వచ్చినదాన్ని వదిలేసుకున్నాడు. తిట్టడానికి నోరు తెరిచాను.

ఆయన ఇటు తిరిగాడు. కళ్ల నిండా నీళ్లు. రెండు చేతులతో కర్రను అడ్డంగా పట్టుకుని, గణుపు గణుపూ తడుముతున్నాడు. అది మళ్లీ తిన్నగా, ఏమీ కానట్టు ఉంది.

"చూసినవా? ఎట్ల వంగిందో చూసినవా? పిడి దాక వంగిందే! నా అరచేతుల దాక వచ్చింది!"

చూశాను. నాకూ ఏడుపొచ్చింది. ఆ మనిషి మీద అంత ప్రేమ నాకు పెళ్లినాడు కూడా కలగలేదు.

గురుస్వామి రాళ్ల మీద రెండడుగులు ముందుకు వేసి, తెగిన దారం కొన వైపూ నీళ్ల వైపూ చూసి, "అయ్యో, చేప పాయె గదా స్వామీ!" అన్నాడు.

"ఏ చేప?" అన్నాడు మా ఆయన.